చోర్సు బజారులో మూడు గంటలు

అందరికీ నమస్కారమండీ.

చార్మినార్‌కి ఉత్తరాన నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంది కదా, పాతరోజుల్లో దాన్ని చార్ సూ కా హౌజ్ అనేవారు. ఫార్సీలో చార్ సూ అంటే నాలుగు వైపులు. ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ పాతబస్తీలో ఉన్న పెద్ద బజారు పేరు కూడా అదే. కాకపోతే ఉజ్బెకుల నోట్లో మన ‘ఆ’ చాలాచోట్ల ‘ఓ’ అవుతుంది. చార్ సూ చోర్సు అయింది. బజారు బోజోర్, దుకాణం దోకోన్, బాదం బోదోమ్, హిసాబు హిసోబ్, తరాజు తరోజీ. ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే అక్కడి మాటలు కొన్ని వాటంతటవే విప్పుకుంటాయి. నమూనాని నమునా అనే అంటారు. ‘ఓఖిర్గి నర్ఖి’ అంటే ఆఖరి ధర. మన పాత దస్తావేజుల్లో నిర్ఖు అన్న మాట చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

ఒక్కచోట మాత్రం తప్పులో కాలేస్తాం. అక్కడ ‘అక’ అంటే అన్న. అక్కని ‘ఓపా’ అంటారు. పళ్ళమ్మే ఆవిడని ఆప్యాయంగా ‘అక్కా’ అని పిలిస్తే పక్క దుకాణం పెద్దాయన తిరిగి చూస్తాడు. (నవ్వులు)

ఇవాళ్టి విషయం: స్థానిక గైడుని వెంటబెట్టుకుని ఈ బజారు ఎలా తిరగాలి, ఆ మనిషి చేత ఏ పని చేయించుకోవాలి, ఏది చేయించకూడదు.

గైడుని మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు ముందే తేల్చుకోండి. ఫీజు మనిషికా, మొత్తం గుంపుకా. ఎన్ని గంటలు, చోర్సుకి మూడు గంటలు సరిపోతాయి, అంతకు మించితే కాళ్ళు పీకుతాయి, బుర్ర పనిచేయదు. భోజనం, టీ, మెట్రో ఖర్చు ఎవరిది. నాలుగోది అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు: దుకాణాల దగ్గర కమిషన్ తీసుకుంటారా? నేరుగానే అడగండి. తీసుకుంటానని ఒప్పుకునే గైడుతో పేచీ లేదు, ఆయన చూపించిన దుకాణంలో కొనకుండా ఉంటే సరి. తీసుకోనని గట్టిగా చెప్పి, తిన్నగా ఒకే ఒక్క కొట్టుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి టీ పోయించేవాడితోనే చిక్కు.

ఇంగ్లీషు వచ్చిన గైడులు బాగానే దొరుకుతారు. హిందీ వచ్చినవాళ్ళూ ఉన్నారు. లాల్ బహదూర్ శాస్త్రి గారు 1966 జనవరి 11న కన్నుమూసింది తాష్కెంట్‌లోనే కదా, అక్కడ ఆయన పేరున్న బడిలో హిందీ నేర్పుతారు. హైదరాబాద్ వాళ్ళకి హిందీ గైడు ఇంకా మేలు. బజారు మాటల్లో సగం ఇటు ఉర్దూలోనూ అటు ఉజ్బెక్‌లోనూ ఉన్నవే.

గైడుకి సరుకు తెలుసో లేదో కనిపెట్టడానికి ఒక చిన్న ప్రశ్న. బజారు మధ్యలో పెద్ద నీలం గుమ్మటం కనిపిస్తుంది. ‘ఇది ఎప్పటిది?’ అని అడగండి. బజారు కొన్ని శతాబ్దాల నాటిదే, పక్కనున్న కుకెల్‌దాష్ మదర్సా 16వ శతాబ్దంది. గుమ్మటం మాత్రం సోవియట్ కాలంలో, 1980లో కట్టింది. 1966 ఏప్రిల్ 26న భూకంపం వచ్చి తాష్కెంట్‌లో చాలా భాగం కూలిపోయాక ఊరు కొత్తగా లేచింది. ‘ఇది పట్టుదారి (సిల్క్ రోడ్) నాటి గుమ్మటం సార్’ అన్నాడంటే ఆయన కుంకుమపువ్వు గురించి చెప్పేది కూడా అంతే నమ్మండి.

మెట్రోలో రండి. చోర్సు అనే స్టేషనే ఉంది, పైకి వస్తే బజారు ముంగిట్లో ఉంటారు. వారానికి ఒకరోజు శుభ్రం చేయడానికి మూసే అలవాటు అక్కడి బజార్లకి ఉంది, తరచు అది సోమవారం. ముందురోజే కనుక్కోండి. శుక్రవారం మధ్యాహ్నం దగ్గరలో ఉన్న జుమా మసీదు నమాజు వేళకి దారులన్నీ కిక్కిరిసిపోతాయి. ఉదయం ఎనిమిదిన్నరకి మొదలుపెడితే ఎండ ముదిరేలోగా మాంసం వరసలు దాటేస్తారు. వేసవిలో అక్కడ నలభై డిగ్రీలు మామూలే. మాంసం వాసన పడనివాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి.

డబ్బు సంగతి. అక్కడి కరెన్సీ సోమ్. రేటు మారుతూ ఉంటుంది గానీ, ఒక లక్ష సోమ్ అంటే మన లెక్కలో దాదాపు ఆరువందల యాభై నుంచి ఏడువందల యాభై రూపాయలు. ఇరవై వేల నోటు, రెండు లక్షల నోటు మధ్య సున్నా ఒక్కటే తేడా. తొందరలో ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చేస్తారు, అందుకని లక్ష, ఆపై నోట్లు వేరే జేబులో పెట్టుకోండి. ధర చెప్పేటప్పుడు ‘మింగ్’ అంటే వెయ్యి. చాలాసార్లు ఆ మింగ్ కూడా మింగేస్తారు: ‘యిగిర్మా’ అంటే ఇరవై, అంటే ఇరవై వేలు. చెవికి నమ్మకం లేకపోతే కాలిక్యులేటర్ చూపించమనండి, అది అక్కడ అమర్యాద కాదు. ఇంకొకటి, చెప్పిన ధర కిలోకా, వంద గ్రాములకా, ఒక గిన్నెకా. మసాలాల దగ్గర, ఎండు పళ్ళ దగ్గర గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. సరుకు తరోజీ మీద పెట్టకముందే అడగాలి. సంచీలోకి పోశాక అడిగితే గైడు కూడా ఏం చేయలేడు.

ఇక నడక. మొదటి చుట్టు తిరిగేటప్పుడు ఏమీ కొనకండి. దీని మీద రాజీ లేదు. బజారు వరసల్ని అక్కడ రస్తా అంటారు, మన రస్తాయే. ఒక్కో రస్తాలో ఒకే రకం సరుకు. కాబట్టి పోల్చి చూడటం తేలిక: మొదటి కొట్టు, మధ్య కొట్టు, చివరి కొట్టు, మూడుచోట్ల ధర అడిగి కాగితం మీద రాసుకోండి. గైడు ఉన్నది ఇందుకే. ప్రవేశం పక్కన ఉన్న కొట్టు ధరకీ లోపలి మూల కొట్టు ధరకీ తేడా ఎందుకుందో ఆయన్ని అడగండి. ఒక్కోసారి అది దోపిడీ కాదు, సరుకులోనే తేడా ఉంటుంది.

గుమ్మటం కింది అంతస్తులో మాంసం, పాడి సరుకు, పచ్చళ్ళు. గొర్రె తోక కొవ్వుని దుంబా అంటారు, తెల్లగా పెద్ద పెద్ద ముద్దలుగా వేలాడుతుంది. అక్కడి వంటకి అదే నెయ్యి. గుర్రపు మాంసం అమ్మేచోటు విడిగా ఉంటుంది. పాడి వరసలో కతిక్ అంటే పెరుగు, సుజ్మా అంటే నీళ్ళు కార్చిన పెరుగు, కైమోక్ అంటే మీగడ. గోళీల్లా తెల్లగా కనిపించేవి కుర్త్, సుజ్మాకి ఉప్పు కలిపి ఎండబెట్టినవి. కొరికితే మన ఊరమిరపకాయకి ఉన్నంత ఉప్పుంటుంది. కిలో కట్టించుకోకండి, ముందు ఒకటి నమునా తినండి.

అదే అంతస్తులో కొరియన్ పచ్చళ్ళ వరస చూసి జనం ఆశ్చర్యపోతారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ దూరప్రాచ్యంలో ఉన్న కొరియన్లని, దాదాపు లక్షా డెబ్భై వేలమందిని, రైళ్ళలో ఎక్కించి మధ్య ఆసియాకి తరలించింది. వాళ్ళ కిమ్చీకి కావలసిన క్యాబేజీ ఇక్కడ దొరకలేదు, క్యారెట్ కావలసినంత ఉంది. అలా పుట్టింది మార్కోవ్‌చా: సన్నగా తరిగిన క్యారెట్, వెల్లుల్లి, కారం, ధనియాలు, వెనిగర్, పైన కాగిన నూనె. తెలుగు నాలుకకి బజారు మొత్తంలో ఇంతకంటే దగ్గరి రుచి లేదని నా లెక్క. పక్క పళ్ళాల్లో చేపవీ మాంసానివీ కూడా అలాగే ఎర్రగా ఉంటాయి, వేలు పెట్టి చూపించి అడిగి మరీ తీసుకోండి.

పై అంతస్తు వరండాలో ఎండు పళ్ళు, గింజలు, మసాలాలు. ఇక్కడ కాస్త ఆగుదాం, మనవాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

‘సఫ్రాన్, సఫ్రాన్’ అని పిలుస్తారు. కుప్పగా పోసి, చెంచాతో తోడి, చవగ్గా ఇస్తుంటే అది కుంకుమపువ్వు కాదు. కుసుమ పూరేకులు. మన తాండూరు వైపు చేలల్లో కనిపించే కుసుమే. అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని కాదు, పులావులో రంగుకి అది వేసుకోవడం, దాన్ని ఆ పేరుతో పిలవడం కూడా ఉంది. గోరువెచ్చని నీళ్ళలో రెండు పోగులు వేయండి. అసలు కుంకుమపువ్వు మెల్లగా పసుపు రంగు దింపుతుంది, పది నిమిషాలైనా పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. పోగు ఒక కొస బాకా మూతిలా విచ్చుకుని ఉంటుంది. కుసుమ రేకు గొట్టంలా ఉండి చివర అయిదు చీలికలుగా ఉంటుంది, రంగు గబగబా దిగుతుంది, వాసనేమో గడ్డి వాసన. కొట్టు దగ్గర నీళ్ళు దొరక్కపోతే తడి కాగితం మీద నలిపి చూసినా చాలావరకు తెలుస్తుంది.

జీలకర్రని జీరా అంటారు. రెండు రకాలు పెడతారు: బూడిదరంగులో లావుగా ఉన్నది మన మామూలు జీలకర్రే, దానికోసం తాష్కెంట్ పోనక్కర్లేదు. నల్లగా, సన్నగా, కాస్త వంకీ తిరిగి ఉన్నది కొండ జీరా, మన షాజీరాని తలపిస్తుంది. చిటికెడు అరచేతిలో నలిపి వాసన చూడండి, వాసన నెత్తికెక్కాలి. ఎక్కలేదంటే పాతసరుకు. ‘పులావ్ మసాలా’ అని కలిపి అమ్మేది కొనకండి. అందులో లావు జీలకర్ర, ధనియాలు, పసుపు ఎక్కువపాళ్ళు ఉంటాయి. కొండ జీరా విడిగా, జిర్క్ అనే ఎర్రటి పుల్లని ఎండు పళ్ళు విడిగా తీసుకుంటే ఖర్చు తక్కువ, పనికి ఎక్కువ.

ఎండు ఆప్రికాట్లలో నారింజ రంగులో మెరిసేవి గంధకం పొగ పట్టినవి. ముదురు గోధుమరంగులో, చూడ్డానికి బాగోనివి ఎండలో ఆరినవి. రుచి రెండోదానిదే. అక్రోటు పప్పు ఒకటి విరిచి నమలండి, గొంతులో చేదుగా కారినట్టుంటే నూనె మక్కిపోయింది. బూడిద పూసుకున్నట్టు తెల్లగా, పగిలిన నోటితో కనిపించేవి ఆప్రికాట్ గింజలు, ఉప్పు పట్టించి వేయించినవి. కాలక్షేపానికి వీటిని మించినవి లేవు. ఒకటి చేదుగా తగిలితే ఉమ్మేయండి, చేదు గింజల్లో విషం పుట్టించే పదార్థం ఉంటుంది. గాజు ముక్కల్లా దారానికి పట్టిన కలకండ నవ్వోత్. తేమ తగిలితే కారిపోతుంది, విడిగా బిగించి కట్టాలి.

నమూనా సంగతి: ప్రతి కొట్టూ రుచి చూడమంటుంది. ఒకటి తీసుకోండి, కుడిచేత్తో, ‘రఖ్మత్’ (థాంక్స్) అనండి. రుచి చూస్తే కొనాలన్న నియమం లేదు. కానీ గుప్పెడు తీసి నములుతూ నాలుగు కొట్లు తిరిగితే మాట ముందుకి పాకిపోతుంది, అయిదో కొట్టులో ధర పెరుగుతుంది.

గుమ్మటం దాటి బయట కూరగాయల రస్తాలు. ఒక వింత చెప్పాలి, ఉజ్బెక్‌లో ‘సబ్జీ’ అంటే కూరలు కాదు, క్యారెట్. పసుపు క్యారెట్, నారింజ క్యారెట్ రెండూ ఉంటాయి. పులావుకోసం ఆడవాళ్ళు వాటిని అగ్గిపుల్లల్లా తరిగి కిలోల లెక్కన అమ్ముతారు. తురమరు, తరుగుతారు. తురిమితే గంటసేపటి వంటలో గుజ్జయిపోతుంది. పసుపు రకంలో తీపి తక్కువ, ఆకారం నిలుస్తుంది. సాధారణంగా చెప్పే కొలత కిలో బియ్యానికి కిలో క్యారెట్, కిలో మాంసం. మనకి బిర్యానీలో క్యారెట్ కనిపిస్తేనే కోపం వస్తుంది, అక్కడ అది లేకపోతే పులావే కాదు.

బియ్యంలో పేరున్నది ఫెర్గానా లోయ నుంచి వచ్చే దేవ్‌జీరా. ఎర్రటి పొడి పట్టి ఉంటుంది. ఇది నకిలీ కూడా అవుతుంది, మామూలు బియ్యానికి రంగుపొడి పట్టిస్తారు. నాలుగు గింజలు అరచేతిలో గట్టిగా రుద్దండి. అసలుదైతే పైపొడి రాలిపోయినా గింజ గాళ్ళలో ఎర్ర చార మిగులుతుంది, గింజ బరువుగా, గట్టిగా తగులుతుంది. నకిలీది రుద్దగానే తెల్లగా బయటపడుతుంది. వండేముందు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో గంటకి తక్కువ కాకుండా నానబెట్టాలి, లేకపోతే పలుకు దిగదు.

రొట్టెల చోట తందూరు పని నిలబడి చూడండి. గుండ్రటి ముద్దని నడుమ పలచగా నొక్కి, చెకిచ్ అనే మేకుల అచ్చుతో పొడుస్తారు. ఆ చిల్లులు ముగ్గు కోసమే కాదు, మధ్యభాగం పూరీలా పొంగకుండా కూడా. వెనక తడిచేసి, మెత్త మీద వేసి లోపలి గోడకి చరుస్తారు. గోడ వేడి చాలకపోతే రొట్టె ఊడి నిప్పుల్లో పడుతుంది, ఎక్కువైతే అడుగు మాడిపోతుంది. రొట్టెని బల్ల మీద బోర్లా పెట్టకూడదు, నేలమీద అసలే పెట్టకూడదు. దాని ధర బేరమాడరు, మాంసం ధరా అంతే. ఎండు పళ్ళ దగ్గర పదిశాతం, పదిహేను శాతం తగ్గుతుంది. చేతిపని సరుకు దగ్గర ఇంకా తగ్గుతుంది.

బేరం మీరే చేయండి, గైడు చేత చేయించకండి. ఆయన రేపు మళ్ళీ ఈ బజారుకే రావాలి, ఆ దుకాణదారు మొహమే చూడాలి. మీ తరఫున గట్టిగా బేరమాడితే అక్కడ చెడ్డ, మెత్తగా ఆడితే మీ దగ్గర చెడ్డ. గైడు మాట తర్జుమా చేయాలి, సరుకు మంచిచెడ్డలు చెప్పాలి, అంతవరకే.

చేతిపని వరసల్లో బెషిక్ అనే రంగుల ఊయలలు ఉంటాయి. పక్కనే చెక్కతో చేసిన, పొగాకు పైపుల్లాంటివి గుత్తులుగా కనిపిస్తాయి. అవి పొగ తాగేవి కావు. వాటి పేరు సుమాక్, ఊయలలో కట్టిన పసిబిడ్డ ఉచ్చ కింది పాత్రలోకి పోయేలా పెట్టే గొట్టాలు. మగపిల్లలకి ఒక ఆకారం, ఆడపిల్లలకి ఇంకొకటి. కొందరు తెలియక నోట్లో పెట్టుకుని ఫోటో దిగుతారు, గైడు నవ్వాపుకుంటాడు. (నవ్వులు) ఫోటో అంటే గుర్తొచ్చింది, మనుషుల్ని తీసేముందు ‘ముమ్‌కిన్‌మి?’ (తీయొచ్చా?) అని అడగండి.

పులావు పెనాల దగ్గరికి పన్నెండున్నరలోపు చేరండి. అది పగటి భోజనం, మధ్యాహ్నం రెండయితే అడుగూ బొడుగూ మిగులుతుంది. తిన్నాక రెండో చుట్టు. ఇప్పుడు కొనడం, బరువున్నవి చివర్న.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: శాకాహారులకి ఏం దొరుకుతుంది?

పులావులోంచి మాంసం ముక్కలు ఏరి పెడితే శాకాహారం అనుకునేచోటు అది, కాబట్టి జాగ్రత్త. ‘గోష్ట్ యెమైమన్’ అంటే నేను మాంసం తినను. అంతటితో ఆగకుండా దుంబా ఉందా అని కూడా గైడు చేత అడిగించండి. గుమ్మడికాయ సోమ్సాలో (మన సమోసాలాంటిది) కూడా దుంబా వేసే అలవాటుంది. రొట్టె, కతిక్, టమాటా ఉల్లిపాయల అచిచుక్, మార్కోవ్‌చా, పళ్ళు. వీటితో పూట నిశ్చింతగా గడుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు అయితే ఖర్బూజాలే చాలు.

ప్రశ్న: అక్కడి ఇక్కత్ పట్టు, మన పోచంపల్లి ఒకటేనా?

పద్ధతి ఒకటే, పోగుని కట్టి రంగులో ముంచడం. అక్కడ దాన్ని అబ్ర్ అంటారు, అంటే మబ్బు. వాళ్ళు పడుగుకి మాత్రమే కడతారు, పేక సాదాది. పోచంపల్లిలో పడుగుకీ పేకకీ రెండింటికీ కట్టడం కూడా ఉంది. అద్రస్ అంటే పట్టు పడుగు, నూలు పేక. అత్లస్ మొత్తం పట్టు. మగ్గం గుడ్డ అడ్డం అర మీటరు అటూ ఇటూ, కాబట్టి చీర ఆశ పెట్టుకోకండి. బజార్లో అచ్చు గుడ్డే ఎక్కువ. కోసిన అంచు నుంచి ఒక పడుగు పోగు లాగండి. పోగు చుట్టూతా రంగు ఎక్కి, పొడవునా ఒక రంగులోంచి ఇంకో రంగుకి మారుతూ పోతే కట్టినది. ఒకవైపే రంగుండి మధ్యమధ్య తెల్ల చుక్కలుంటే అచ్చు. అసలైనవి కావాలంటే ఫెర్గానా లోయలో మార్గిలాన్ వెళ్ళాలి. పాత సూజనీలు (కుట్టుపని గుడ్డలు), తివాచీలు కొనేవాళ్ళకి ఒక మాట: 50 ఏళ్ళు దాటిన వస్తువుని అనుమతిపత్రం లేకుండా దేశం దాటనివ్వరు. కొత్తదైనా పాతదానిలా కనిపిస్తే రసీదు దగ్గర పెట్టుకోండి. చుస్త్ అనే ఊరి కత్తులు కొంటే చెక్-ఇన్ సామానులోనే.

ప్రశ్న: మా అబ్బాయి కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. ఈ మాటలు అక్కడ పనికొస్తాయా?

కొన్ని వస్తాయి. ‘ఎంత?’ అనడానికి తాష్కెంట్‌లో కంచా, అక్కడా కంచాయే. అంకెలు దగ్గర దగ్గరే. బిష్కెక్‌లో రష్యన్ ఎక్కువ నడుస్తుంది, అది మీవాడికి ఈపాటికి వచ్చేసి ఉంటుంది. డబ్బు పేరు అక్కడా సోమే గానీ విలువ వేరు, కిర్గిజ్ సోమ్ మన రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. అందుకని తాష్కెంట్ నుంచి వచ్చినవాళ్ళు రెండు దేశాల నోట్లూ ఒకే పర్సులో కలపకూడదు. ఇంకా, అక్కడ అక్కని ఓపా అనరు, ‘ఎజే’ అనాలి. అన్నని ‘బైకే’. బిష్కెక్‌లోని ఓష్ బజార్లో కూరగాయల ఆవిడని ఎజే అని పిలిచి, సంచీ పట్టుకుని, ఆవిడే ఏరి పెట్టేదాకా ఆగమనండి. వరసగా పేర్చిన టమాటాల మీద తను చెయ్యి పెడితే మాత్రం కసురుతుంది.